నల్లదాని తోక వెంట్రుకలు

ఆ కాగితం కవరు మీద నేను రాసిన నంబరు మా ఎర్రావుది. లోపల పెట్టిన వెంట్రుకలు మా నల్లావువి. డిసెంబరు నుంచి మే నెల దాకా ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి రాయడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. అయినా పడుతూనే ఉన్నాను.

నేను హిందూపురం పిల్లను. మా నాయన బస్టాండు వెనక చిన్న కొట్లో బట్టలు కుట్టేవాడు. పెళ్ళయి పెనుకొండ దగ్గరి ఈ ఊరికి వచ్చేదాకా ఆవును తాకిందే లేదు. మొదటిసారి పాలు పితకబోయి తన్నించుకుని పేడతట్టలో పడ్డాను. మా అత్త కడుపు పట్టుకుని నవ్వి, నవ్వడం అయ్యాక మోకాలికి పసుపు పెట్టింది. అది జరిగి పద్దెనిమిదేళ్ళు. మా ఆయన ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు కాబట్టి ఇంట్లో ఆవులంటే నేనూ, అత్తా. ఆవుల సంగతి ఆమెకు తెలుసు, కాగితాల సంగతి నాకు తెలుసు. ఊళ్ళో ఎవరు ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. ఇంటర్ చదివిన కోడలన్న పేరు నాకుంది. ఆ పేరు కాస్త తగ్గుతుందంటే నాకు అన్నం సహించదు. జరిగినదానికంతా మూలం అదే, ఇంకొకరి మీదికి తోసేది ఏమీ లేదు.

ఆవులు రెండూ ఒక తల్లి బిడ్డలు. తల్లి సగం సీమది, అంటే విదేశీ జాతిది, సగం నాటుది. అది పోయి మూడేళ్ళయింది. పెద్దది ఎర్రావు. ఇటుక రంగు, పెద్ద కళ్ళు, నెమ్మదస్తురాలు. చిన్నది నల్లావు. నుదుటి మీదా పొట్ట కిందా తెల్లమచ్చలు, ఎవరినైనా ఓరగా చూసే చూపు. మూపురం రెండింటికీ అంతంత మాత్రమే. అందుకని ఇంటికి వచ్చిన ప్రతివాడూ రంగు చూసి తేల్చేసేవాడు, ఎర్రది నాటు, నల్లది సీమ అని. మేమూ అలాగే అనుకునేవాళ్ళం. పాలు రెండూ దాదాపు ఒకేలా ఇచ్చేవి కాబట్టి ఆ విషయం మీద ఎవరం బుర్ర పెట్టలేదు.

డిసెంబరులో ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, తల మీద గుడ్డ టోపీ, భుజాన సంచి. ఈ పక్క పల్లెల్లోని ఆవుల్లో నాటు రక్తం ఎంత, సీమ రక్తం ఎంత, వాటిలో ఏవి ఎండకు తట్టుకుంటున్నాయి అని చూస్తున్నారట. తోక కుచ్చులోంచి కొన్ని వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి ఇస్తే చాలు, కొసన ఉండే తెల్లటి బొడిపెలో ఆవు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉంటాయంది. రంగు చూసి ఏదీ చెప్పకూడదని ఆమె మొదటిరోజే చెప్పింది. రంగు వచ్చే దారి వేరు, ఎండకు ఓర్చే గుణం వచ్చే దారి వేరు అంది. ఒంటి మీది పొట్టి వెంట్రుకలు, బాగా పట్టే చెమట, లోపలి వేడిని బయటికి పంపేసే శక్తి, ఇవి పెద్దల నుంచి ఎవరికెంత దిగాయో పైకి తెలియదట. ఒక తల్లి బిడ్డలైనా తండ్రులు వేరైతే ఒకదానిలా ఇంకొకటి ఉండదని కూడా చెప్పింది. నేను బడిలో ముందు బెంచీ పిల్లలాగా తల ఊపాను.

ఆమెకు కావలసింది చూడి ఆవులు. ఎండాకాలం మోసి, వానలు మొదలయ్యాక ఈనేవాటిని ఎంచుకుని, అవీ వాటి దూడలూ ఎట్లా ఉంటాయో చూస్తారట. మా ఎర్రావుకు అప్పటికి రెండో నెల దాటింది. పేరు రాసుకుంది, చెవికున్న పసుపు ట్యాగు నంబరు నాతోనే కవరు మీద రాయించింది. తీరా తోక పట్టుకోబోతే మా అత్త అడ్డం వచ్చి నిలబడింది.

"చూడి ఆవు ఒంటి మీద నుంచి ఏదీ తీయకూడదమ్మా. వెంట్రుక గూడా. ఈనినాంక రా, ఎన్ని కావాలంటే అన్ని పీక్కో."

మా ఇంట్లో ఆ పట్టింపు గట్టిది. ఆవు చూడి కట్టిందని తెలిసిన రోజు నుంచి ఈనేదాకా పలుపు మార్చరు, కొమ్ము చెక్కరు, డెక్క కోయరు. అత్త కొత్త కోడలుగా ఉన్నప్పుడు చూడి ఆవుకు కొమ్ము కొస కోయించారట, దూడ దక్కలేదట. రెండింటికీ సంబంధం ఏమిటని నేను ఒకసారి వాదించాను కూడా. ఆ రోజంతా ఆమె నన్ను కొట్టంలోకి రానివ్వలేదు.

డాక్టరమ్మ మర్యాదస్తురాలు. పెద్దామె వద్దంటే వద్దులే అక్కా, ఇంకో ఇల్లు చూసుకుంటాను అంది. అక్కడితో వదిలేసి ఉంటే ఈ రాత లేదు. కానీ వీధిలో నలుగురు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. అత్త మాట ముందు నా చదువు చెల్లలేదని వాళ్ళు అనుకుంటారని నాకు తల కొట్టేసినట్టయింది. మీరు పక్క వీధి చూసుకుని రండి మేడం, ఆలోపు నేను తీసి పెడతాను అని మాట ఇచ్చాను. ఆమె కవరు నా చేతిలో పెట్టి పోయింది.

అత్తకు నా సంగతి తెలుసు. చేటలో ఉలవలు పోసుకుని కొట్టం గుమ్మంలోనే కూర్చుంది, రాళ్ళు ఏరుతున్నట్టు. గంటయినా లేవలేదు. ఎర్రది లోపల, అత్త గుమ్మంలో, నేను బయట. నల్లది మాత్రం పెరట్లో కానుగ చెట్టు కింద కట్టేసి ఉంది. దాని పక్కన పేడ ఎత్తుతూ ఎత్తుతూ నాలుగైదు వెంట్రుకలు పట్టి లాగాను. అది కాలు కూడా ఎత్తలేదు. బొడిపెలు తెల్లగా ఉన్నాయో లేదో చూసి మరీ కవరులో వేశాను. ఒక తల్లి బిడ్డలే కదా, రక్తం ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఆమె చెప్పినదానికి తల ఊపి రెండు గంటలు కూడా కాలేదు.

ఫిబ్రవరిలో ఫలితం మా ఆయన ఫోనుకు వచ్చింది. మా ట్యాగు నంబరు ఆవులో ముప్పాతిక వంతు నాటు రక్తం ఉందని, ఎండకు బాగా ఓర్చుకునే రకమని తెలుగులో రాసి ఉంది. మా ఆయన దాన్ని ఊరంతా చూపించాడు. నేను చెప్తానే ఉంటిని కదా, అది మన నాటు రక్తమని, అని అత్త మురిసిపోయింది. వెంట్రుకలు ఇవ్వకుండానే ఎట్లా తెలిసిందని ఆమె అడిగింది. రాలిపోయిన వెంట్రుక ఒకటి కొట్టంలో దొరికితే ఇచ్చానని చెప్పాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! రాలినదైతే ఏం తప్పు లేదులే అంది ఆమె.

ఆ రాత్రి నేను ఆలోచించకపోలేదు. ఆ కాగితం నల్లదానిది అని నాకు తెలుసు. అంటే నల్లది నాటుది. మరి ఎర్రది? ఎర్రదాని గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. కానీ చూడ్డానికి ఎర్రది నాటుదానిలాగే ఉంది కదా, నల్లదే అంత నాటుదైతే ఎర్రది ఇంకా ఎక్కువే అయి ఉంటుంది, అని నాకు నేనే లెక్క చెప్పుకున్నాను. ఆ లెక్క నాకు ఎంత హాయిగా తోచిందంటే వెంటనే నిద్ర పట్టేసింది.

మార్చిలో మా ఆయన కొట్టం సంగతి ఎత్తాడు. మా పాతది బోద కొట్టం. గడ్డి కప్పు, పైన పందికొక్కులు, వానొస్తే కారడం. ఏటా కొత్త బోద దొరకడమే కష్టమైపోయింది. పీకేసి రేకులు వేద్దామా, మళ్ళీ బోదే కప్పిద్దామా అని నన్నే అడిగాడు. రేకుల కింద వేడి ఎక్కువ, ఆవు తట్టుకుంటాదా, నువ్వు కాగితం చదివినావు కదా, చెప్పు అన్నాడు. నేను అప్పుడు చపాతీలు ఒత్తుతున్నాను. ఆ కర్ర అలాగే పట్టుకుని, చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. డాక్టరమ్మను మోసం చేశావా అంటాడు, అత్త మాట కాదని దొంగతనంగా చేశావా అంటాడు. రేకులే వేయించు, కాగితంలో తట్టుకుంటుందనే ఉంది కదా అన్నాను.

మూడు పక్కల గోడ, పైన రేకులు, గుమ్మం పడమరకు. పని చక్కగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. కొత్త షెడ్డులో స్థలం ఒకదానికే సరిపోయింది. నల్లది సీమది, ఎండలో ఇబ్బంది పడుతుందని, దాన్ని ధర్మవరంలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి పంపించారు. వాళ్ళది మగ్గాల ఇల్లు, పిల్లలకు పాలుంటాయని ఆమె ఎప్పటి నుంచో అడుగుతోంది. నల్లదాన్ని వ్యాను ఎక్కిస్తుంటే అది నన్ను ఓరగా చూసింది. దాని చూపే అంత అని పక్కకు తిరిగాను.

ఏప్రిల్ సగంలో ఎండ ముదిరింది. పెనుకొండ కొండ రాళ్ళు పొద్దు గుంకినా వేడి వదలవు, గాలి వీస్తే కూడా పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటుంది. ఎర్రది మేత తగ్గించింది. తొట్టి దగ్గరే నిలబడిపోయేది. చూడి ఆవు కదా, బరువెక్కింది, అందుకే అంది అత్త. అదే వారం ఆడబిడ్డ ఫోను చేసింది. ఇంట్లో మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళు చెమటకు తడిసిపోతున్నారట. నల్లది మాత్రం సందులో ఎండలోనే నిలబడి నెమరు వేస్తోందట, నీడకు లాగినా రాదట. "మీ సీమావు ఏమో గానీ వదినా, రొప్పను గూడా రొప్పదు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫోను పెట్టేసి షెడ్డులోకి పోయి ఎర్రదాని డొక్కలు చూశాను. పొద్దున పది కూడా కాలేదు, అప్పుడే ఎగిరెగిరి పడుతున్నాయి.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం దాని ఊపిరి చూసేదాన్ని. గొట్టంతో నీళ్ళు కొట్టేదాన్ని. షెడ్డు గుమ్మంలో ఫ్యాను పెట్టాను. రేకుల మీద కొబ్బరి మట్టలు పరిపించాను. ఎందుకింత అవస్థ, నాటుదే కదా అని మా ఆయన నవ్వాడు. నోరు తెరవడం తప్ప అన్నీ చేశాను. తెరిస్తే సరిపోయే పనికి రోజుకు పది బిందెలు మోశాను.

మే నెల రెండో వారంలో, ఒక మంగళవారం, పొద్దున్నుంచే కరెంటు లేదు. మా ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు. పదకొండున్నరకు నేను రేషను తెచ్చుకుని ఇంటికి వచ్చేసరికి అత్త షెడ్డులో ఉంది. ఎర్రది పడుకుని ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది, నోటి నుంచి సొంగ తీగలు తీగలుగా కారుతోంది. అత్త తొట్టిలో ముంచిన గోనెపట్టలు నాలుగు దాని మీద కప్పి ఉంచింది. నెత్తికి ఎండదెబ్బ తగిలిన మనిషికి తడిగుడ్డ వేసినట్టు. ఆమెకు తెలిసిన వైద్యం అదే, బోద కొట్టంలో గాలి ఆడేటప్పుడు అది పనిచేసేది కూడా. కానీ మూడు గోడల మధ్య, కాలిన రేకు కింద, గాలి కదలని చోట ఆ పట్టల నుంచి ఆవిరి లేస్తోంది. లోపల అడుగు పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు మొహానికి కొట్టింది.

డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆమె మడకశిర వైపు ఎక్కడో ఉంది. లక్షణాలన్నీ అడిగింది, ట్యాగు నంబరు అడిగింది. తన దగ్గరున్న కాగితం చూసుకుని, ఈ ఆవుకు ఎండ వల్ల ఇంత రాకూడదే అంది. పిడుదులు కుట్టి రక్తంలో జ్వరం పట్టి ఉంటుంది, పెనుకొండ నుంచి ఒకాయనను పంపి ఇంజక్షను వేయిస్తాను అంది. అంతదాకా దాన్ని లేపొద్దు, ఎండలోకి తీయొద్దు, షెడ్డులోనే ఉంచండి అక్కా అంది.

నేను సరే మేడం అన్నాను. నిజం, అన్నాను. ఫోను చెవికి పెట్టుకునే ఎర్రదాన్ని చూస్తున్నాను. దాని కడుపులో ఏడో నెల దూడ. ప్రతి ఊపిరికీ మెడ ముందుకు సాగుతోంది. అత్త ఇంకో గోనెపట్ట ముంచి తెస్తోంది. ఇంజక్షను ఆయన వచ్చేసరికి గంట పడుతుంది. ఆ గంట ఇది ఈ రేకుల కింద ఉంటే చచ్చిపోతుందని నాకు తెలుసు, ఇక్కడే ఉంచమని చెబుతున్నది నేను పంపిన వెంట్రుకలే అని కూడా తెలుసు.  చూడి ఆవును తాకనివ్వలేదని అత్త పేరు చెబుదామని నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా ఆమె నీళ్ళు కారుతున్న పట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"మేడం, ఆ వెంట్రుకలు దీనివి కావు," అన్నాను.

 ఆవల బండి శబ్దం ఒకటి వచ్చి పోయింది. మరి ఎవరివి అని అడిగింది.

"నల్లదానివి. నేనే పెట్టినా. మీకు మాట ఇచ్చినా కదా అని."

అత్త చేతిలోని గోనెపట్ట కింద పడింది. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. గొంతు మాత్రం మారిపోయింది, అక్కా అనడం మానేసింది. పట్టలన్నీ తీసేయండి, ఇప్పుడే బయటికి తీయండి, చెట్టు కింద గాలి ఆడేచోట నిలబెట్టండి, కాళ్ళ నుంచి మొదలుపెట్టి పైదాకా నీళ్ళు పోస్తూ విసరండి, విసరడం ఆపొద్దు అని గబగబా చెప్పి, తను బయల్దేరుతున్నానంది.

ఎర్రది లేవలేదు. నేను పలుపు లాగుతుంటే అత్త వెనక నుంచి తోక మొదలు పట్టి ఎత్తింది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అది ముందు కాళ్ళ మీద లేచింది, మళ్ళీ కూలబడింది. అత్త దాని చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. మూడోసారి లేచింది. షెడ్డు నుంచి కానుగ చెట్టు దాకా పాతిక అడుగులు ఉంటుంది. ఆ పాతిక అడుగులకు మాకు ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. మధ్యలో ఒకసారి ఎండలో ఆగిపోయింది. అప్పుడు మాత్రం నేను ఏడ్చాను.

కరెంటు లేదు కాబట్టి బోరు లేదు. తొట్టిలో నీళ్ళు, పక్కిళ్ళ బిందెలు, తాగేందుకు పెట్టుకున్న కడవ, అన్నీ పోశాం. చేటలు తెచ్చి రెండు పక్కలా నిలబడి విసిరాం. కానుగ నీడ చల్లగా ఉంటుందని ఊరికే అనరు; కాసేపటికి దాని నాలుక లోపలికి పోయింది. ఊపిరి ఇంకా వేగంగానే ఉంది కానీ మెడ సాగడం ఆగింది. పెనుకొండ ఆయన వచ్చాడు. డాక్టరమ్మ ఫోనులోనే ఆయనకు చెప్పి వేరే మందు వేయించింది.

 అత్త నా ఎదురుగా, ఆవుకు అవతల నిలబడి చేట ఊపుతూనే ఉంది. ఎప్పటికో, నన్ను చూడకుండానే, మెల్లగా అంది.

"ఆ నల్లది దేవర ఎద్దుకు పుట్టినాది."

నాకు అర్థం కాలేదు. ఆమె ఊపుతూనే చెప్పింది. తల్లి ఆవు ఎదకు వచ్చినప్పుడు చూడికి సూది వేసేవాడు రెండు రోజులు రాలేదట. ఊరి దేవరకు వదిలిన ఎద్దు పెరట్లోకి వచ్చిందట. ఆమె చూసింది, తోలలేదు. కొడుక్కు సీమ దూడే కావాలని పట్టుదల కాబట్టి చెప్పలేదు. మరుసటి రోజు వచ్చినవాడు సూది వేసిపోయాడు. దూడ నల్లగా, మచ్చలతో పుట్టేసరికి అందరూ సూది దూడే అన్నారు, ఆమె గుండె కుదుట పడింది. ఎర్రది మాత్రం కచ్చితంగా సూదికి పుట్టిందేనట. దాని రంగు చూసి, అప్పుడు సూది ఏదో మంచి నాటు ఎద్దుది వేసినట్టుంది అనుకుని ఊరుకుందట.

సాయంత్రం వచ్చిన డాక్టరమ్మ ఆ మాట విని తల పట్టుకుంది. ఎర్రది పుట్టింది జెర్సీ సూదికై ఉంటుంది, జెర్సీలు కూడా ఎర్రగానే ఉంటాయి అంది. ఎర్రదానిలో సీమ రక్తమే ఎక్కువ, నల్లదానిలో నాటు రక్తం ఎక్కువ. ఇద్దరిలో ఒకరం నోరు విప్పినా నల్లది ఇక్కడ ఉండేది, ఎర్రది గడ్డి కప్పు కింద ఉండేది. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం, చెరో సగం దాచుకుని, ఒకే గుమ్మంలో ఇన్నాళ్ళు తిరిగాం.

మా ఆయన నాలుగున్నరకు ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చాడు. అందరూ చెప్పేది నిలబడే విన్నాడు. కోపం వస్తే అరిచే మనిషి, అరవలేదు. నా వైపు తిరిగి, "రేకులా బోదా అని నిన్నే అడిగితి కదా. అప్పుడు నువ్వు యాడ ఉంటివి?" అన్నాడు. నేను చపాతీలు చేస్తున్నానని చెప్పలేను కదా. ఆయన టిఫిన్ క్యారియరు గోడ మీద పెట్టి, ఫ్యాక్టరీ బట్టలతోనే నిచ్చెన వేసుకుని షెడ్డు ఎక్కాడు. చీకటి పడే లోపల సగం రేకులు ఊడదీశాడు.

ఎర్రది బతికింది. రెండో రోజు కాస్త జొన్న చొప్ప కొరికింది. నాకు ప్రాణం లేచొచ్చింది, అత్తకు కాఫీ పెట్టి ఇచ్చాను, ఆమె తాగింది. మూడో రోజు పొద్దున అది అదే పనిగా లేచి పడుకుంటూ ఉంది. ఎనిమిదింటికి, నెలలు నిండకుండానే, ఈసుకుపోయింది. పెయ్యదూడ. ఒంటి మీద సన్నటి ఎర్రటి నూగు అప్పటికే వచ్చేసింది, డెక్కలు మెత్తగా పసుపుపచ్చగా ఉన్నాయి. ఎర్రది దాన్ని నాకుతూనే ఉంది. దానికి అది చచ్చిందని తెలియదు. అత్త కాసేపు నాకనిచ్చి, తరువాత తన పాత చీర ముక్కలో చుట్టి ఎత్తుకుంది. చేను గట్టున గుంత తవ్వింది నేను. ఉప్పు వేసింది ఆమె. 

పది రోజులు పని మాటలతోనే గడిచాయి. ఇంట్లో పని అంతా జరుగుతూనే ఉంది. అత్త నాకు అన్నం వడ్డిస్తుంది, నేను ఆమెకు నూనె రాస్తాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె చెప్పిన పట్టింపు నిజమని గానీ, అబద్ధమని గానీ నేను అనలేకపోయాను. ఎందుకంటే ఎర్రదాని ఒంటి మీద నుంచి నిజానికి ఎవరూ ఏదీ తీయలేదు. ఒక్క వెంట్రుక తీసి ఉంటే దూడ దక్కేది. ఈ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు తెలియదని నేను అనుకోను.

ధర్మవరం నుంచి ఆడబిడ్డ ఫోను చేసి నల్లదాన్ని తిరిగి పంపమంటారా అని అడిగింది. వద్దంది అత్త. అది అక్కడ సుఖంగా ఉంది, దాన్ని కదిలించొద్దంది.

జూన్ మొదట్లో డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. అక్కా అనే పిలిచింది. ఎండకు తట్టుకునే ఆవుల వరుసలో మా ఆవు నంబరు ఉండిపోయిందట, దాన్ని కొట్టేయాలి, కొట్టేసే ముందు అసలుది ఏమిటో తెలిస్తే మంచిది అంది. మీకు ఇష్టమైతేనే అని కొత్త కవరు తీసింది. వీధిలో అప్పటిలాగే ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. నేను కవరు పట్టుకుని అత్త వైపు చూశాను.

అత్త అరుగు మీది నుంచి లేచింది. అక్షరం ముక్క రాని మనిషి, ఎర్రదాని చెవి పట్టుకుని ట్యాగు నా వైపు తిప్పి చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. ఒక్కో అంకె చదువుతూ కవరు మీద రాశాను. రాయడం అయ్యేదాకా ఆమె చెవి వదల్లేదు. తరువాత వెనక్కి పోయి తోక ఎత్తి పట్టుకుంది, కుచ్చు విడదీసి నాలుగు వెంట్రుకలు నా వేళ్ళకు అందించింది.

"ఇప్పుడు చూడిది కాదు కదా," అంది. "పీకు."

పీకాను. ఎర్రది తల తిప్పి మా ఇద్దరినీ చూసింది.